డెవన్‌లో గడ్డి కప్పు ఫామ్‌హౌస్, దాని బార్న్: ఇన్ని వందల ఏళ్ళు ఎలా నిలిచాయి, కొనేముందు ఏం చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బ్రిస్టల్‌లో ఉంటున్నారు. నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఒక పాత ఫామ్‌హౌస్, పక్కనే ఒక బార్న్ (పంట నిల్వచేసి నూర్చుకునే పెద్ద కొట్టం) అమ్మకానికి వస్తే చూసొచ్చారు. రెండింటికీ గడ్డి కప్పే. 17వ శతాబ్దం నాటివని, గ్రేడ్ 2 లిస్టెడ్ (చట్ట రక్షణ ఉన్న పాత కట్టడాల జాబితాలోవి) అని ఏజెంట్ చెప్పాడు. మన ఊళ్ళో పూరిల్లు రెండు మూడేళ్ళకోసారి నేయించుకోవాలి కదా, ఇదెలా ఇన్నేళ్ళు నిలిచిందని ఒక సందేహం. మనుషులుండే ఇంటికంటే బార్న్ ఎందుకు పెద్దదని ఇంకోటి. హాల్లో గోడ అడుగున చెమ్మ కనిపించింది, సిమెంట్ ప్లాస్టర్ చేయిస్తే పోతుందా అని మూడోది. ముందు ముందు బార్న్‌ను ఇల్లుగా మార్చి అద్దెకిచ్చే ఆలోచన కూడా ఉందన్నారు.

మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను, మిగతాదంతా చదవకపోయినా అదొక్కటి మీకు తెలిసి ఉండాలి. చేయించకండి. లోపలా వద్దు, బయటా వద్దు. డెవన్, సోమర్సెట్‌లలో పాత కట్టడాల మరమ్మతులు చూసే ఆర్కిటెక్ట్‌గా చాలా ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను. సిమెంట్ వల్ల ఈ ఇళ్ళకు జరిగినంత నష్టం వాన వల్ల, పురుగు వల్ల కూడా జరగడం నేను చూడలేదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ముందు బార్న్ సంగతి. ఇలాంటి చోటికి వెళ్ళినవాళ్ళు సాధారణంగా ఇల్లంతా తిరిగి, ఫొటోలు తీసుకుని, చివర్లో బార్న్‌లోకి ఒకసారి తొంగి చూసి వచ్చేస్తారు. నేను ముందు బార్న్‌కే వెళ్తాను. ఆ పొలం ఎంత పండేది, ఆ రైతు ఏ పాటి స్థితిలో ఉండేవాడు అన్నది అక్కడే తెలుస్తుంది. ఇంటి మీద కప్పిన గడ్డి కూడా అందులోంచి వచ్చిందే.

మన దగ్గర వరి కోతలయ్యాక ఎండ కాస్తుంది. పొలంలోనే కళ్ళం చేసుకుంటాం, కుప్ప నూరుస్తాం, గాలివాటం చూసి తూర్పారబడతాం, గింజలు ఇంటికి తోలుకుంటాం. ఇంగ్లండ్‌లో ఆ వీలు లేదు. గోధుమ, బార్లీ కోతలు ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఆ వెనకే వానలు, ఆపైన సాయంత్రం నాలుగింటికే చీకటిపడే చలికాలం. అందుకని కోసిన పంటను పనలు పనలుగానే బండ్ల మీద తెచ్చి బార్న్‌లో కప్పు దాకా పేర్చేవాళ్ళు. పట్టకపోతే బయట కుప్పలు వేసి వాటికీ గడ్డి కప్పేవాళ్ళు. చలికాలమంతా రోజుకు కాస్త చొప్పున నూర్చేవాళ్ళు. కుటుంబానికి నాలుగు గదులు చాలు. ఏడాది పంట మొత్తం గడ్డితో సహా ఒక్క కప్పు కింద పట్టాలి, దాని మధ్యలో నూర్చడానికి కళ్ళం కూడా ఉండాలి అంటే ఆ పాటి కట్టడం కావాలి మరి.

మళ్ళీ వెళ్ళినప్పుడు పొడవు గోడల్లో ఎదురెదురుగా రెండు తలుపులు ఉన్నాయేమో చూడండి. ముంగిలి వైపు తలుపు నిండు బండి లోపలికి వచ్చేంత ఎత్తుగా ఉంటుంది. అవతలి తలుపు చాలా చోట్ల పొట్టిగా ఉంటుంది, ఖాళీ బండి అటు నుంచి పోయేది కాబట్టి. ఆ రెండు తలుపుల మధ్య అంకణమే కళ్ళం. నేల ఓక్ పలకలు కావచ్చు, రాతి పలకలు కావచ్చు, దిమ్మిస కొట్టిన మట్టి కావచ్చు. ఒక పక్క అంకణాల్లో నూర్చాల్సిన పనలు, ఇంకో పక్క నూర్చిన గడ్డి. రెండు కర్రలను తోలు ముడితో కలిపిన పనిముట్టుతో పనలను కొట్టి గింజ రాల్చేవాళ్ళు. తర్వాత రెండు తలుపులూ బార్లా తెరిస్తే గాలి ఈ వైపు నుంచి ఆ వైపుకు దూసుకుపోతుంది, తూర్పారబట్టడానికి అదే గాలి. తలుపు పక్క స్తంభాలను అడుగున తడిమి చూడండి, నిలువు గాడి తగలొచ్చు. తలుపు నేల దాకా రాకుండా కాస్త పైనే ఆగిపోతుంది, ఆ సందులో పలకలు దించే గాడి అది. ఎగిరిన గింజ బయటికి పోకుండా, కోళ్ళూ పందులూ లోపలికి రాకుండా ఆ పలకలు అడ్డం.

బార్న్‌కు కిటికీలు ఉండవు. గోడల్లో సన్నటి నిలువు చీలికలుంటాయి, బయట సన్నగా, లోపలికి వచ్చేసరికి వెడల్పుగా. వాన కొట్టదు, గాలి ఆడుతుంది. కాస్త తడి ఉన్న పనలు గాలి లేకుండా కుప్పగా ఉంటే వేడెక్కి బూజు పడతాయి. ఆ చీలికలను ఎవరో ఇటుకలతో మూసేసి ఉంటే తెరిపించండి. తలుపు దగ్గరి చెక్క మీద వరసగా గీసిన గీతలు కనిపిస్తే ఇసుక కాగితంతో రుద్దించకండి, అవి బస్తాలు లెక్కపెట్టుకున్న గుర్తులు కావచ్చు. ఆ రైతుల చేతిరాతగా మనకు మిగిలేది చాలాసార్లు అంతే.

డెవన్‌లో బార్న్‌కు ఆనుకుని వెనకవైపు గుండ్రటి షెడ్డు లాంటిది కూడా ఉంటుంది. అది గుర్రాలు గానుగెద్దుల్లా తిరిగిన చోటు. 1786లో స్కాట్లండ్‌లో ఆండ్రూ మైకిల్ నూర్పిడి యంత్రం తయారుచేశాక, దాన్ని తిప్పడానికి ఇవి వచ్చాయి. చలికాలమంతా కూలీలకు పని దొరికేది ఈ నూర్పిడిలోనే, యంత్రం వచ్చి ఆ పని పోయింది. 1830 ఆగస్టులో కెంట్‌లో మొదలై దక్షిణ ఇంగ్లండ్ అంతా పాకిన స్వింగ్ అల్లర్లలో కూలీలు పగలగొట్టింది ఈ యంత్రాలనే. మీ బార్న్‌కు ఆ గుండ్రటి భాగం ఉంటే ఇంటికి ఎంత విలువ ఇస్తారో దానికీ అంతే ఇవ్వండి.

నూర్చిన గింజను బార్న్‌లోనే ఉంచేవాళ్ళు కాదు, ఎలుకల భయం. కొన్ని చోట్ల పుట్టగొడుగు ఆకారంలో ఉన్న రాళ్ళ మీద చిన్న చెక్క గది కట్టి అందులో నిల్వ చేసేవాళ్ళు. రాయి పైన వెడల్పు టోపీ ఉంటుంది కాబట్టి ఎలుక ఎక్కలేదు. ఇప్పుడు ఆ రాళ్ళను తోటల్లో అలంకారానికి పెట్టుకుంటున్నారు. మీరు చూసిన చోట గేటు దగ్గర అలాంటివి ఉంటే, ఒకప్పుడు అక్కడ ధాన్యపు గది ఉండేదేమోనని వెతకొచ్చు.

ఏజెంట్లు పాత బార్న్ ఏది కనిపించినా టైత్ బార్న్ అంటారు. టైత్ అంటే పంటలో పదో వంతు చర్చికి ఇచ్చే పన్ను. అలా వసూలైన ధాన్యానికి కట్టినవి నిజంగా ఉన్నాయి గానీ, పెద్ద మధ్యయుగపు బార్న్‌లలో చాలావరకు మఠాలు, జమీందార్లు సొంత పొలాల పంట కోసం కట్టుకున్నవి. విల్ట్‌షైర్‌లో టిస్‌బరీ దగ్గర షాఫ్ట్స్‌బరీ మఠానిది ఒకటుంది, దాదాపు 200 అడుగుల పొడవు, ఇప్పటికీ గడ్డి కప్పే. బ్రిస్టల్ నుంచి వెళ్ళిరావచ్చు. అదే జిల్లాలో ఏవ్‌బరీలో 17వ శతాబ్దపు గడ్డి కప్పు బార్న్ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చేతిలో ఉంది, లోపలికెళ్ళి దూలాలన్నీ తీరిగ్గా చూడొచ్చు. సంతకం పెట్టేముందు ఈ రెండింటిలో ఒకటైనా చూసిరండి. మంచి స్థితిలో ఉన్నది ఎలా ఉంటుందో కంటికి తెలియాలి.

ఇక కప్పు. మన పూరిల్లు రెండు మూడేళ్ళకే ఎందుకు పాడవుతుందంటే తాటాకైనా వరిగడ్డైనా పలచగా కప్పుతాం, వరిగడ్డి మెత్తన, పైగా మన ఎండ, తుఫాను వాన, చెదలు. ఇక్కడ వాడేది గోధుమ కాడ. బోలుగా, గట్టిగా, పైన మైనపు పొరతో నున్నగా ఉంటుంది. దాన్ని అడుగు మందంలో, చెయ్యి దూరనంత బిగువుగా పేరుస్తారు. కప్పు వాలు కనీసం 45 డిగ్రీలు, మామూలుగా 50 దాకా ఉంటుంది. వాన చినుకు పై కాడ మీద పడి, దాని కొన నుంచి కింది కాడ మీదికి, అక్కణ్ణుంచి ఇంకో కాడ మీదికి జారుతూ చూరు దాకా వచ్చేస్తుంది. పై అంగుళం, అంగుళంన్నర మాత్రమే తడుస్తుంది. వాన తగ్గాక అది ఆరిపోతుంది, కింద గడ్డి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. ఆ వాలు తగ్గితే నీళ్ళు నిలిచి కుళ్ళు మొదలవుతుంది. అందుకే కప్పు మధ్యలో కిటికీ కోసం గడ్డిని పైకి లేపిన చోట, రెండు కప్పులు కలిసే పల్లంలో, పొగగొట్టం చుట్టూ ముందు పాడవుతుంది. ఈ ఇళ్ళకు చూరు అంచున వాన నీళ్ళు పట్టే గట్టర్ ఉండదు, చూరే గోడ నుంచి అడుగున్నర ముందుకు వచ్చి నీళ్ళను దూరంగా వదులుతుంది.

నాలుగు వందల ఏళ్ళ ఇల్లు అన్నంత మాత్రాన గడ్డి అంతా నాలుగు వందల ఏళ్ళది అనుకోకూడదు. పైపొర ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటుంది. పాతకాలపు పద్ధతిలో కప్పు నేసేవాడు చివికిన పైపొరను మాత్రమే గీకేసి, గట్టిగా ఉన్న కింది పొరను అలాగే ఉంచి, దాని మీద కొత్త గడ్డి వేస్తాడు. హేజెల్ అనే పొద చెట్టు కొమ్మలను చీల్చి, మధ్యలో మెలితిప్పి, రెండుగా వంచిన పుల్లలతో కొత్త పొరను పాత పొరలోకి గుచ్చి బిగిస్తాడు. ఇలా తరం మీద తరం పొర మీద పొర పడుతూ పోతుంది. కొన్ని ఇళ్ళలో ఆ మందం మూడు నాలుగు అడుగులు దాటిపోయింది.

ఆ అడుగు పొర గురించి చెప్పకుండా ఉండలేను. 15వ, 16వ శతాబ్దాల్లో ఈ ఫామ్‌హౌస్‌లకు పొగగొట్టం లేదు. మధ్య గది నేల నుంచి కప్పు దాకా ఒకటే ఖాళీ, నడుమ నేల మీద నిప్పు. పొగ పైకి లేచి గడ్డిలోంచే మెల్లగా బయటికి పోయేది. తర్వాతి తరాలవాళ్ళు పొగగొట్టం కట్టి, పైన ఒక అంతస్తు వేసి, ఆ పాత కప్పును అటక చీకట్లో వదిలేశారు. అలాంటి అటకలోకి పాకి టార్చి వేసి చూస్తే వాసాలు, పెణక, గడ్డి అన్నీ నల్లగా నిగనిగలాడుతుంటాయి. గడ్డిలో అక్కడక్కడా కంకులు కంకులుగానే ఉంటాయి, మసి పట్టిన గింజపొట్టు కూడా చెక్కుచెదరదు. పురుగు ముట్టుకోలేదు, తేమ తగల్లేదు. దేశంలో ఇలాంటివి అన్నిటికంటే ఎక్కువ మిగిలింది డెవన్‌లోనే. 1990లలో జాన్ లెట్స్ అనే శాస్త్రవేత్త ఈ మసి గడ్డిని పరిశీలించి, మధ్యయుగంలో రైతులు ఏ రకం గోధుమ, ఏ రై పండించారో, చేలో ఏ కలుపు మొక్కలు ఉండేవో తేల్చారు. పొలాల్లో ఎప్పుడో అంతరించిన రకాలు ఈ కప్పుల్లో దొరికాయి. డెవన్‌లో 17వ శతాబ్దం అని రాసుకున్న చాలా ఇళ్ళ లోపల అంతకంటే పాత ఇల్లు దాగి ఉంటుంది. కాబట్టి కొనేముందు ఇల్లు తనిఖీ చేసే మీ సర్వేయర్ అటక ఎక్కాలి, ఎక్కకుండా రిపోర్టు ఇస్తే ఒప్పుకోకండి. మసి కప్పు ఉంటే దాన్ని కదిలించడానికి వీల్లేదు, కదిలించాలని మీకే అనిపించదు కూడా.

కప్పు గడ్డి మూడు రకాలు. మొదటిది లాంగ్ స్ట్రా, తలా మొదలూ కలిసిపోయిన మామూలు గోధుమ గడ్డి. చూరు అంచున, పక్క అంచుల్లో హేజెల్ పుల్లలు బయటికే కనిపిస్తాయి, 15 నుంచి 25 ఏళ్ళు వస్తుంది. రెండోది డెవన్ సొంత పద్ధతి, కోమ్డ్ వీట్ రీడ్. అదీ గోధుమ గడ్డే, కానీ కాడ నలగకుండా దువ్వి, మొదళ్ళన్నీ ఒకే వైపు వచ్చేలా కట్టలు కడతారు, కప్పు మీద మొదళ్ళు మాత్రమే కనిపిస్తాయి. 25 నుంచి 35 ఏళ్ళు. మూడోది నీటిలో పెరిగే రెల్లు, నార్ఫోక్ రీడ్ అంటారు. మన కొల్లేట్లో కిక్కిస ఉంటుంది చూడండి, దాని బంధువే. 40, 50 ఏళ్ళు కూడా నిలుస్తుంది. ఎక్కువ కాలం వస్తుంది కదా అని నీటి రెల్లు వేయించేద్దామనిపిస్తుంది. డెవన్ ఇంటికి నేనైతే గోధుమే అంటాను. రెల్లు వేయాలంటే చాలాసార్లు పాత పొరలన్నీ ఊడదీసి వాసాల మీద కొత్తగా మొదలుపెడతారు, దాంతో ఆ అడుగు చరిత్ర అంతా చెత్తబండిలోకి పోతుంది. ఇంటి రూపం కూడా మారుతుంది, గోధుమ కప్పుకు ఉండే గుండ్రటి మెత్తదనం రెల్లుకు రాదు. పాత కట్టడాల రక్షణ చూసే కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్ కూడా మామూలుగా ఒప్పుకోడు.

గోధుమ గడ్డి దొరకడం ఇప్పుడు అంత తేలిక కాదు. కొత్త రకాలు పొట్టివి, కంబైన్ హార్వెస్టర్ కాడను నలిపేస్తుంది, ఎరువు ఎక్కువైతే కాడ బలహీనపడుతుంది. అందుకని కొద్దిమంది రైతులు 1964లో వచ్చిన మారిస్ విజన్ లాంటి పొడుగు రకాలను కప్పుల కోసమే పండించి, కోసి కట్టలు కట్టే పాత రీపర్ బైండర్ యంత్రాలతో కోస్తారు. వానలు పాడుచేసిన ఏడాది గడ్డికి కరువు వస్తుంది, థాచర్ (కప్పు నేసేవాడు) కోసం ఏడాది పైన ఎదురుచూడాల్సి రావచ్చు. బడ్జెట్ వేసుకునేటప్పుడు డబ్బుతో పాటు ఈ కాలాన్నీ లెక్కలోకి తీసుకోండి.

మీరు చూసిన కప్పు ఎంత కాలం వస్తుందో పైనుంచి కిందికి గమనిస్తే తెలుస్తుంది. కొప్పు అన్నిటికంటే ముందు పోతుంది, దాన్ని 10 నుంచి 15 ఏళ్ళకోసారి వేరుగా మార్చాలి. కొంచెం నాచు పట్టడం పెద్ద విషయం కాదు. కానీ నిలువునా గాళ్ళు పడి ఉన్నా, లోపల ఉండాల్సిన హేజెల్ పుల్లలు బయటికి తేలినా ఆ పొర పని అయిపోయినట్టే. అది ధర తగ్గించమని అడగదగ్గ లోపం. ఒక తనిఖీ మీరే చేసుకోవచ్చు: పెద్ద వాన వెలిసిన మర్నాడు చూరు కింద నుంచి చెయ్యి పెట్టి చూడండి. లోపలి గడ్డి పొడిగా గరగరలాడితే టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు గోడలు, మీ చెమ్మ. డెవన్‌లో ఈ ఇళ్ళ గోడ చాలావరకు కాబ్, అంటే అక్కడి మట్టినే గడ్డి, నీళ్ళు కలిపి తొక్కి, అచ్చులేవీ లేకుండా వరస మీద వరస పెట్టిన గోడ. ఒక్కో వరస ఆరడానికి వారాలు ఆగేవాళ్ళు. మందం రెండడుగులు, రెండున్నర. కింద రాతి పునాది గోడ నేల మీదికి రెండు మూడు అడుగులు వస్తుంది, దాని పైన మట్టి మొదలవుతుంది. ఎలిజబెత్ రాణి కాలపు నావికుడు వాల్టర్ రాలీ 1552 ప్రాంతంలో పుట్టిన హేస్ బార్టన్ కూడా డెవన్‌లోని ఇలాంటి కాబ్, గడ్డి కప్పు ఫామ్‌హౌసే. మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే కాబ్ గోడకు ఇంకేం అక్కర్లేదని డెవన్‌లో ముసలివాళ్ళు ఇప్పటికీ అంటారు. టోపీ అంటే గడ్డి కప్పు, బూట్లంటే ఆ రాతి పునాది.

మట్టిగోడ పూర్తిగా పొడిగా ఎప్పుడూ ఉండదు. నేల నుంచి కాస్త, వాన నుంచి కాస్త, లోపల మనుషుల ఊపిరి, వంట ఆవిరి నుంచి కాస్త తేమ తీసుకుంటుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. బయట సున్నపు గార, పైన వెల్ల ఉంటే ఆ తేమ వాటిలోంచి పోతుంది. 20వ శతాబ్దంలో గార రాలిపోయిన చోటల్లా సిమెంట్ పూశారు. సిమెంట్ గట్టిది, మట్టితో పాటు కదలదు, ఏడాది తిరిగేసరికి వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. వాన ఆ పగుళ్ళలోంచి లోపలికి పోతుంది, తిరిగి వచ్చే దారి లేదు. నీళ్ళు గోడలోంచే కిందికి దిగి పునాది మీద చేరతాయి. మట్టిగోడ బలమంతా పొడిగా ఉండటంలోనే ఉంది, అడుగున తడిసిపోతే పై బరువుకు కూలిపోతుంది. ఒక ఇంట్లో బయట తెల్లగా, నున్నగా, చూడముచ్చటగా ఉన్న సిమెంట్ పూతను అడుగున కాస్త కోయించాను. వెనక మట్టి చేత్తో పిసికితే వేళ్ళ మధ్య నుంచి జారింది. యజమానులు ఆ గోడకు ఆనించి మంచం వేసుకుని నిద్రపోతున్నారు. ఆ రాత్రే వాళ్ళను వేరే గదిలోకి మార్చి, గోడకు ఊతాలు పెట్టించాల్సి వచ్చింది.

మీరు చూసిన చెమ్మకు కారణం చాలావరకు బయటే ఉంటుంది. ఆ గోడ వెలుపల నేల ఎంత ఎత్తుందో చూడండి. తరతరాలుగా మట్టి పేరుకునో, ఎవరో కాంక్రీటు బాట వేసో నేల పునాది రాయిని దాటి మట్టి దాకా వచ్చి ఉంటుంది. దాన్ని తవ్వి దించడం, కాంక్రీటు తీసేయడం, చూరు నీళ్ళు దూరంగా పోయే ఏర్పాటు చేయడం, బయట సిమెంట్ ఉంటే నిదానంగా తీయించి సున్నపు గార వేయించడం, లోపల జిప్సమ్ ప్లాస్టర్, ప్లాస్టిక్ పెయింట్ తీసేయడం. ఇంతే వైద్యం. కానీ సిమెంట్ ఒక్కసారిగా ఊడదీయకండి, లోపల ఎంత తడి ఉందో తెలియకుండా తీస్తే అదే గోడను పట్టుకుని ఉన్నది కావచ్చు. తడి గోడ పూర్తిగా ఆరడానికి ఏడాది పైనే పట్టొచ్చు, ఓపిక పట్టాలి. గోడలోకి రసాయనం ఇంజెక్ట్ చేస్తామని వచ్చేవాళ్ళను పంపించేయండి, కాబ్‌కు అది పనికిరాదు. డెవన్ ఎర్త్ బిల్డింగ్ అసోసియేషన్, 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన పాత కట్టడాల పరిరక్షణ సంఘం ఎస్‌పీఏబీ, ఈ రెండూ సరైన సలహా ఇస్తాయి.

ఇంటి లోపలి ఏర్పాటు గురించి రెండు ముక్కలు చాలు. మూడు గదులు వరసగా, మధ్యలో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా అడ్డంగా ఒక నడవా. నడవాకు ఒక పక్క పని గది, ఇంకో పక్క హాలు, హాలు దాటాక లోపలి గది. హాలు పొగగొట్టం నడవా వైపు గోడకు ఆనుకుని ఉంటుంది. హాలుకూ నడవాకూ మధ్య, హాలుకూ లోపలి గదికీ మధ్య ఓక్ పలకల అడ్డగోడ ఉంటే అది ఇంట్లో అన్నిటికంటే విలువైన వస్తువు కావచ్చు. గది పెద్దగా కనిపించాలని దాన్ని తీయించిన ఇళ్ళు చూసి చాలా బాధపడ్డాను.

హాల్లో వుడ్‌బర్నర్ (కట్టెల స్టవ్) ఉందని రాశారు. గడ్డి కప్పు ఇళ్ళలో నిప్పు ప్రమాదాలు చాలావరకు పొగగొట్టం దగ్గరే మొదలవుతాయి. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర షాటరీలో అందరూ షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే కాటేజ్ అని వెళ్ళి చూసేది నిజానికి ఒక ఫామ్‌హౌస్, దాని పాత భాగం 1463 నాటిది. 1969లో అది కూడా మంటల్లో బాగా దెబ్బతింది, తర్వాత బాగుచేశారు. మీ ఇంటి పొగగొట్టం కొప్పు మీదికి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. గడ్డి మందం పెరిగేకొద్దీ పొగగొట్టం పొట్టిదవుతూ వస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. గొట్టం లోపల కెమెరాతో తనిఖీ చేయించి, అది అయ్యేదాకా స్టవ్ వెలిగించకండి. ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయించిన రసీదులు ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు. ఇన్సూరెన్స్ కొటేషన్ ఆఫర్ పెట్టకముందే తెప్పించుకోండి.

చివరగా బార్న్‌ను ఇల్లుగా మార్చడం. గ్రేడ్ 2 అంటే చిన్న గ్రేడ్ అనుకోకండి. 1990 నాటి చట్టం ప్రకారం లిస్టెడ్ కట్టడాన్ని అనుమతి లేకుండా మార్చడం నేరం. పాత యజమాని చేసిన మార్పులకు కూడా సరిదిద్దమని నోటీసు మీకే రావచ్చు, కాబట్టి మీ సొలిసిటర్ (లాయర్)తో పాత అనుమతులన్నీ వెతికించండి. బార్న్ పేరు జాబితాలో విడిగా లేకపోయినా, 1948 జులై 1కి ముందు నుంచి ఆ ఇంటి ఆవరణలో ఉంటే దానికీ అదే రక్షణ వర్తించవచ్చు. వ్యవసాయ కట్టడాలను సులువుగా ఇళ్ళుగా మార్చుకునే క్లాస్ క్యూ అనే నిబంధన గురించి ఎవరైనా చెబుతారు, అది లిస్టెడ్ కట్టడాలకు వర్తించదు. అనుమతి వచ్చే ప్లాన్ కావాలంటే కళ్ళం అంకణాన్ని నేల నుంచి కప్పు దాకా ఖాళీగా వదలండి, పెద్ద తలుపుల చోట అద్దం పెట్టండి, పడకగదులు పక్క అంకణాల్లో సర్దుకోండి, కప్పులో కొత్త కిటికీలు అడగకండి. ఆ ఖాళీయే బార్న్‌ను బార్న్‌గా నిలబెట్టేది, అడ్డగోడలతో నింపేస్తే కొనడానికి కారణమే పోతుంది.

ఇంకో పెద్ద అడ్డంకి గబ్బిలాలు. నార్ఫోక్‌లో 1581లో కట్టిన పాస్టన్ గడ్డి కప్పు బార్న్‌లో బార్బస్టెల్ అనే అరుదైన గబ్బిలాలు పిల్లలు పెడతాయి, ఆ ఒక్క కారణంతో ఆ బార్న్‌కు ప్రత్యేక రక్షిత ప్రదేశం హోదా వచ్చింది. మీ బార్న్‌లో మామూలు రకాలు ఉన్నా వాటికీ చట్టం రక్షణ ఉంది. అవి సాయంత్రాలు బయటికి వచ్చే లెక్క తీసే సర్వే మే నుంచి సెప్టెంబరు లోపే చేస్తారు. ఆ సీజన్ దాటిపోతే ఇంకో ఏడాది ఆగాలి. అందుకని కన్జర్వేషన్ ఆఫీసర్‌తో ముందస్తు సలహా అపాయింట్‌మెంట్, గబ్బిలాల సర్వే బుకింగ్, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. అటక ఫొటోలు, ఆ చెమ్మ గోడ బయటి వైపు ఫొటోలు పెడితే చూసి చెబుతాను.